జీఎన్‌ఎం అయి పదకొండేళ్లు. ఇప్పుడు పోస్ట్ బేసిక్ డిగ్రీకి వెళ్లనా, వద్దా?

ఐసీయూ_నైట్స్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మాది ఖమ్మం దగ్గర పల్లె. ఇంటర్ బైపీసీ, తర్వాత జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా. అప్పట్లో అది మూడున్నరేళ్లు, ఇప్పుడు మూడేళ్లు చేశారు కదా. రిజిస్ట్రేషన్ చేతికొచ్చినప్పటి నుంచి హైదరాబాద్‌లో ఒకే ప్రైవేటు ఆస్పత్రి, పదకొండేళ్లు, అందులో తొమ్మిదేళ్లు ఐసీయూలోనే. వయసు 34. ఆయన ఎలక్ట్రికల్ షాపులో చేస్తారు, బాబు మూడో తరగతి, అత్తమ్మ మా దగ్గరే ఉంటుంది.

ఇన్నేళ్లూ డిగ్రీ గురించి పెద్దగా ఆలోచించలేదు. మూడేళ్ల క్రితం మా యూనిట్‌కి ఒక బీఎస్సీ పిల్ల కొత్తగా వచ్చింది. చెయ్యి పట్టుకుని ధమనిలోంచి ఏబీజీ రక్తం శాంపిల్ తియ్యడం నేర్పించింది నేనే. మొదటిసారి దాని చేతులు వణికి సిరంజిలో గాలి బుడగ ఉండిపోయింది, అలాగే ల్యాబ్‌కి పంపబోతే ఆపి, బుడగ బయటికి ఎలా నెట్టాలో, నెట్టకపోతే రిపోర్టులో ఆక్సిజన్ లెక్క ఎలా తప్పొస్తుందో చెప్పా. మంచి పిల్ల, దాని మీద నాకేం కోపం లేదు. మొన్న ఇంచార్జి పోస్టు ఖాళీ అయితే దానికిచ్చారు. సూపరింటెండెంట్ మేడమ్ నన్ను పిలిచి, "ఇన్‌స్పెక్షన్ వాళ్లొస్తే ఇంచార్జి పేరు పక్కన డిగ్రీ చూపించాలమ్మా, నువ్వేం మనసులో పెట్టుకోకు" అన్నారు. ఆ పిల్ల ఇప్పటికీ రోస్టర్ వేసే ముందు నా దగ్గరికే వచ్చి, "అక్కా, వెంటిలేటర్ బెడ్లకి ఎవరెవర్ని వేద్దాం" అని అడుగుతుంది. నేను చెప్తా, అది రాసుకుంటుంది, కింద సంతకం దానిది.

ఆ రోజు నుంచి బుర్రలో ఇదే తిరుగుతోంది.

నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఉద్యోగం మానేసి రెండేళ్లు రెగ్యులర్ పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అంటే జీఎన్‌ఎం వాళ్లు డిగ్రీ తెచ్చుకునే కోర్సు. జీతం పోతుంది, ఫీజు కట్టాలి, స్కూటీ ఈఎంఐ ఉంది, బాబు స్కూల్ ఫీజు ఉంది. రెండు, ఒక ఏజెంట్ వారానికోసారి ఫోన్ చేస్తున్నాడు. పక్క రాష్ట్రంలో కాలేజీ అంట, "నాన్ అటెండింగ్ సిస్టర్, పరీక్షలకి మాత్రం రండి, రికార్డులు కూడా మావాళ్లే రాసిపెడతారు" అంటున్నాడు. మా ఆస్పత్రిలోనే ఇద్దరు అలా చేరారు. మూడు, డిస్టెన్స్ ఉంటుందని విన్నా, దాని గురించి నాకు సరిగ్గా తెలీదు.

మా ఆయనేమో "నీ ఇష్టం" అంటారు. అది ఒప్పుకోవడమో, తప్పుకోవడమో తెలీదు. చేసినవాళ్లు, మధ్యలో మానేసినవాళ్లు, చెయ్యనే చెయ్యనివాళ్లు, ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పండి. ముఖ్యంగా ఆ రెండో దారి గురించి, ఎందుకంటే చేతిలో డబ్బు లేనప్పుడు మనసు అటే లాగుతుంది.


పాత_ట్యూటర్

నాకన్నా చిన్నదానివని నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకమ్మా. పద్నాలుగేళ్లు వార్డుల్లో చేశాక పోస్ట్ బేసిక్, ఆ తర్వాత ఎమ్మెస్సీ చేసి, ఇప్పుడు పిల్లలకి చెప్తున్నా.

ముందు ఆ ఏజెంట్ నంబర్ బ్లాక్ చెయ్యి. నీతులు చెప్పడానికి కాదు, లెక్క చెప్తా విను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్ ప్రకారం పోస్ట్ బేసిక్‌లో పరీక్ష రాయాలంటే ప్రతి సబ్జెక్టులో థియరీకి, ప్రాక్టికల్‌కి 80 శాతం హాజరు ఉండాలి. డిగ్రీ ఇచ్చే ముందు ప్రాక్టికల్ హాజరు నూటికి నూరు పూర్తి కావాలి. అంటే నువ్వు పక్క రాష్ట్రంలో రోజూ కాలేజీకి వెళ్లినట్టు కాగితం పుడుతుంది. అదే రెండేళ్లు హైదరాబాద్‌లో నీకు జీతం పడుతుంది, పీఎఫ్ కట్ అవుతుంది, డ్యూటీ రిజిస్టర్‌లో సంతకాలుంటాయి. రేపు ఎక్కడైనా రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పెట్టావా, అడిగేవాడికి పెద్ద తెలివి అక్కర్లేదు. నాతో పనిచేసిన ఒక సిస్టర్‌కి ఇలాగే అయింది. బయటి దేశం వెరిఫికేషన్‌లో తారీఖులు కలిసిపోయాయని అడిగారు, డిగ్రీ నిలబెట్టుకోవాలంటే ఆ రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ వదులుకోవాల్సి వచ్చింది, చివరికి రెండింటి మీదా అనుమానమే మిగిలింది. డబ్బు పోతే పోయింది, ఆమె నిజంగా చేసిన డ్యూటీలు కూడా అబద్ధం లిస్టులో పడ్డాయి చూడు, అది నాకు ఇప్పటికీ బాధ.

ఇంకో సంగతి. రికార్డులు వాళ్లే రాసిపెడితే నువ్వు కొనుక్కునేది అట్ట మాత్రమే. ఆ కోర్సులో పనికొచ్చేది రికార్డు రాయడంలోనే ఉంది. ఈ మాట నేను చేరినప్పుడు ఎవరైనా చెప్పుంటే నవ్వేదాన్ని. మొదటి కేర్ ప్లాన్ ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తు. గడులుంటాయి కదా, అసెస్‌మెంట్, నర్సింగ్ డయాగ్నోసిస్, గోల్, ఇంటర్‌వెన్షన్, రేషనేల్ (ఆ పని ఎందుకో), ఎవాల్యుయేషన్. వెంటిలేటర్ పేషెంట్‌కి తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి పెట్టాలని గబగబా రాసేశా, అది పద్నాలుగేళ్లుగా నిద్రలో కూడా చేసే పని. పక్కన రేషనేల్ గడి. అక్కడ పెన్ను ఆగింది. కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి జారకుండా, అంతవరకు తెలుసు. మరి ట్యూబ్‌కి చుట్టూ గాలి నింపే కఫ్ ఉంది కదా, అయినా ఎలా జారుతుంది, కఫ్ ప్రెషర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల వాటర్ మధ్యే ఎందుకుండాలి, ఎక్కువైతే శ్వాసనాళం గోడకి రక్తం ఎలా ఆగిపోతుంది, ఇవన్నీ మేడమ్ ఒక్కొక్కటే అడుగుతుంటే నా వెనక బెంచీలో ఇరవై రెండేళ్ల పిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు. ఆ రాత్రి పుస్తకం తీశా. చేతికి వచ్చిన పని నోటికి రావడం అప్పుడే మొదలైంది. డాక్టర్‌తో రౌండ్స్‌లో నిలబడి "సార్, ఇది ఇలా ఎందుకు వద్దంటే" అని మాట్లాడగలిగింది ఆ తర్వాతే.

సబ్జెక్టుల గురించి చెప్పాలంటే, మొదటి ఏడు నర్సింగ్ ఫౌండేషన్, న్యూట్రిషన్, బయోకెమిస్ట్రీ, బయోఫిజిక్స్, సైకాలజీ, మైక్రోబయాలజీ, మెటర్నల్, చైల్డ్ హెల్త్, మెడికల్ సర్జికల్, ఇంగ్లిష్. సగం నీకు తెలిసినవే. రెండో ఏడు కమ్యూనిటీ హెల్త్, మెంటల్ హెల్త్, సోషియాలజీ, ఎడ్యుకేషన్, అడ్మినిస్ట్రేషన్, రీసెర్చ్, స్టాటిస్టిక్స్. స్టాటిస్టిక్స్ దగ్గర అందరం ఏడ్చాం, దాచడం ఎందుకు. స్టాండర్డ్ డీవియేషన్ లెక్క మా బ్యాచ్‌లో చిన్నపిల్లే నాకు నేర్పింది, నేను దానికి ఐవీ లైన్ పెట్టడం సరిదిద్దా.

నవ్వొచ్చేది కమ్యూనిటీ పోస్టింగ్. మా బ్యాచ్‌లో ఒకావిడ కార్డియాక్ ఐసీయూ నుంచి వచ్చింది, నాలుగు సిరంజి పంపులు ఒకేసారి చూసుకునే మనిషి. బస్తీలో ఒక ఇంటి అరుగు మీద న్యూస్ పేపర్ పరిచి, దాని మీద బ్యాగు పెట్టి, చేతులు కడుక్కున్నాకే బ్యాగు తెరవాలి, వాడినవి కడగకుండా లోపల పెట్టకూడదు, అదంతా బ్యాగ్ టెక్నిక్. స్పిరిట్ దీపం మీద బెనెడిక్ట్ ద్రావణం 5 మిల్లీలీటర్లు వేడి చేసి ఎనిమిది చుక్కల యూరిన్ వేసి మళ్లీ మరిగిస్తే నీలం కాస్తా ఆకుపచ్చై, పసుపై, నారింజై, ఇటుక రంగుకి తిరిగింది. ఆ ఇంటావిడకి షుగర్ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలీదు. మా బ్యాచ్ ఆవిడ ఆ పరీక్ష నాళికని వెలుతురులో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

రెగ్యులర్‌గా చెయ్యగలిగితే చెయ్యమ్మా. చెయ్యలేకపోతే చెయ్యకు. మధ్యలో దారి మాత్రం లేదు.


సర్వీస్_సిస్టర్

నాది ప్రభుత్వ ఉద్యోగం, జిల్లా ఆస్పత్రి. డిస్టెన్స్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా, నేను ఇగ్నోలో, అంటే ఇందిరా గాంధీ ఓపెన్ యూనివర్సిటీలో చేశాను.

ఇగ్నో పోస్ట్ బేసిక్ ఉద్యోగంలో ఉన్న నర్సుల కోసమే పెట్టింది. కనీసం మూడేళ్లు, రెగ్యులర్‌లా రెండు కాదు. ఇంటర్, జీఎన్‌ఎం ఉన్నవాళ్లకి రిజిస్ట్రేషన్ తర్వాత రెండేళ్ల అనుభవం అడుగుతారు. పాతకాలంలో పదో తరగతి తర్వాత జీఎన్‌ఎం చేసినవాళ్లకైతే ఐదేళ్లు. ఎంట్రన్స్ రాయాలి. డిస్టెన్స్ అనగానే ఇంటికి పుస్తకాలొస్తాయి, ఇంట్లో కూర్చుని చదివేసుకోవచ్చు అనుకుంటారు, నేనూ అలాగే అనుకుని చేరాను. పుస్తకాలొస్తాయి, నిజమే, ఒక మూట వస్తుంది. కానీ స్టడీ సెంటర్‌లో ప్రాక్టికల్ కాంటాక్ట్ ప్రోగ్రాములుంటాయి, వాటికి వెళ్లి తీరాలి, అసైన్‌మెంట్లు రాయాలి, పనిచేసే చోట చేసినవాటికి లాగ్ బుక్ నింపాలి.

నేను ఎలా చేశానంటే, నైట్ డ్యూటీ దిగి, పొద్దున్నే హ్యాండోవర్ ఇచ్చి, బస్సెక్కి స్టడీ సెంటర్‌కి. బస్సులో నిద్ర. ఒకసారి స్టాపు దాటిపోయి కండక్టర్ లేపితే, యూనిఫాం మీద చున్నీ కప్పుకుని ఎర్రటి ఎండలో రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచా. కాంటాక్ట్ ప్రోగ్రాములకి సెలవులు సరిపోక ఎర్న్‌డ్ లీవులన్నీ అయిపోయాయి, ఆ ఏడాది మా పిన్ని కూతురి పెళ్లికి కూడా వెళ్లలేదు, ఆ మాట ఇప్పటికీ అంటూనే ఉంటారు.

ప్రైవేటులో చేసేవాళ్లకి అసలు కష్టం సెలవు. మీ ఆస్పత్రి వాళ్లు ఒకేసారి పదిహేను రోజులు వదులుతారా? అది ముందు అడగండి. అడిగినప్పుడు నోటిమాటగా కాకుండా లెటర్ పెట్టి రిసీవ్‌డ్ స్టాంపు వేయించుకోండి. నాతోపాటు చేరినవాళ్లలో ప్రైవేటు నుంచి వచ్చిన ఇద్దరు రెండో ఏడు మానేశారు, చదవలేక కాదు, లీవు దొరక్క.

ఇది చదివే ప్రభుత్వ స్టాఫ్ ఎవరైనా ఉంటే, యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో సర్వీస్ క్యాండిడేట్ల గురించి ఏం రాశారో విడిగా చూసుకోండి. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) పై ఆఫీసులో కదలడానికే బోలెడంత టైమ్ పడుతుంది, నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తితే అందదు.


మేల్_స్టాఫ్

నేను వేరేలా చెప్తా, తిట్టుకోకండి.

రెగ్యులర్ పోస్ట్ బేసిక్ చేశా. రెండేళ్ల జీతం పోయింది, ఫీజు పోయింది, హాస్టలు ఖర్చు. తిరిగొచ్చి అదే ఆస్పత్రిలో చేరితే నెలకి 1,500 పెంచారు. రెండేళ్లలో పోయిన జీతం ఆ 1,500తో ఎన్నేళ్లకి తిరిగొస్తుందో సిస్టర్ మీరే లెక్కేసుకోండి, నేను వేసుకుని కాలిక్యులేటర్ మూసేశా.

డిగ్రీ చెయ్యొద్దని కాదు. దేనికి చేస్తున్నారో ముందు తేల్చుకోండి. గవర్నమెంట్ స్టాఫ్ నర్స్ కావాలంటే డిగ్రీ అక్కర్లేదు, జీఎన్‌ఎం అయినా, బీఎస్సీ అయినా అర్హులే. 2024లో తెలంగాణలో నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్ చూడండి, పరీక్షకి 80 మార్కులు, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్‌లో చేసినవాళ్లకి 20 వరకు. డిగ్రీ ఉందా లేదా అన్నదానికి మార్కులు లేవు. ఎయిమ్స్ వాళ్ల నర్సుల పరీక్ష నార్‌సెట్ కూడా జీఎన్‌ఎం వాళ్లు రాయొచ్చు, కాకపోతే 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి, మీకు పదకొండేళ్లుంది, వయసు పరిమితి మాత్రం నోటిఫికేషన్‌లో చూసుకోండి. బీఎస్సీ వాళ్లకి ఆ అనుభవం షరతు లేదు, తేడా అంతే. కాలేజీకి వెళ్లే రెండేళ్లు రోజుకి మూడు గంటలు ఎంసీక్యూలు చేస్తే ఉద్యోగమే రావచ్చు కదా.

మరి డిగ్రీ ఎక్కడ తప్పదు? టీచింగ్‌కి వెళ్లాలంటే, ఎమ్మెస్సీ చెయ్యాలంటే, కార్పొరేట్‌లో ఇంచార్జి, సూపర్‌వైజర్ మెట్లెక్కాలంటే. గల్ఫ్‌లో కూడా తేడా ఉంది, సౌదీలో డిప్లొమా నర్సుని టెక్నీషియన్ అని రాస్తారు, డిగ్రీ ఉంటే స్పెషలిస్ట్. జీతం ఆ పేరుని బట్టే.

మగవాళ్ల కోసం ఒక ముక్క. కొత్త ఇంటిగ్రేటెడ్ సిలబస్‌కి ముందు జీఎన్‌ఎం చేసి మిడ్‌వైఫరీ చదవని వాళ్లుంటే, దాని బదులు ఓటీ టెక్నిక్స్, సైకియాట్రీ, ఆర్థో, కమ్యూనిటీ హెల్త్ లాంటివాటిలో ఏదైనా ఒకటి చేసినట్టు పోస్ట్ బేసిక్ అడ్మిషన్‌లో సర్టిఫికెట్ అడుగుతారు. మా సీనియర్ ఒకాయన అన్నీ సర్దుకుని వెళ్లి, ఆ ఒక్క కాగితం లేక కౌంటర్ దగ్గర్నుంచి తిరిగొచ్చారు.


ఐసీయూ_నైట్స్

@పాత_ట్యూటర్ అమ్మా, రేషనేల్ గడి గురించి చదివాక నిన్న నైట్‌లో నా జూనియర్‌ని ఒకటడిగా, సక్షన్‌కి, అంటే ట్యూబ్‌లో కఫం లాగేసే ముందు ఆక్సిజన్ 100 శాతం ఎందుకు పెడతాం అని. చెప్పింది. ఆ తర్వాత అది నన్ను ఇంకోటడిగింది, ఒక్కసారికి పదిహేను సెకన్లు దాటకూడదు అంటారు కదా, దాటితే గుండె ఎందుకు స్లో అవుతుంది అని. ఊపిరి అందక అని చెప్పా. కొంచెం సేపయ్యాక గుండెని స్లో చేసే వేగస్ నరం గుర్తొచ్చింది, అప్పటికి అది వేరే బెడ్ దగ్గరికి వెళ్లిపోయింది.

@మేల్_స్టాఫ్ మీ లెక్క కరెక్టే. కానీ డబ్బు లెక్క ఒక్కటే అయితే నేను ఈ ప్రశ్న వెయ్యను. ఆ రోస్టర్ కింద సంతకం నన్ను గుచ్చుతోంది. ఇది తిక్క అంటే అనండి.

ఒక ప్రశ్న మిగిలింది. మా కజిన్ ఒకామె "డిగ్రీ లేకుండా ఫారిన్ రాదు, అసలు అప్లై చెయ్యడానికే ఉండదు" అంటోంది. నిజమేనా?


యార్క్‌షైర్_చలి

నిజం కాదు. నేను జీఎన్‌ఎంతోనే వచ్చా. గుంటూరు జిల్లా మాది, ఇప్పుడు ఇంగ్లండ్‌లో మెడికల్ వార్డు.

ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ, దాని రిజిస్ట్రేషన్‌కి మన జీఎన్‌ఎం సరిపోతుంది. కంప్యూటర్ పరీక్ష ఒకటి రాయాలి, తర్వాత ఇక్కడికొచ్చాక ఓస్కీ అని ప్రాక్టికల్ పరీక్ష, దానికి ముందు ఇంగ్లిష్. ఐఈఎల్‌టీఎస్‌లో 7, రైటింగ్‌కి 6.5 చాలు, లేదా వైద్య రంగం వాళ్ల ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీలో బి, రైటింగ్‌కి సి ప్లస్. నేను ఓఈటీ రాశా, ఎందుకంటే అందులో రాయమనేది డిశ్చార్జ్ లెటరో, రిఫరల్ లెటరో, అది మనం రోజూ చూసే సంగతే, పర్యావరణం మీద వ్యాసం రాయమంటే నా వల్ల కాదు. జీతం బ్యాండ్ ఫైవ్ అనే మెట్టులో మొదలవుతుంది, డిగ్రీ ఉన్నవాళ్లదీ అదే బ్యాండ్.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఇంగ్లండ్‌లో 2013 నుంచి కొత్తగా నర్సింగ్ చదివేవాళ్లందరూ డిగ్రీతోనే వస్తున్నారు. అందుకని పైకి వెళ్లాలనుకుంటే, సిస్టర్ (ఇక్కడ వార్డు ఇంచార్జి) పోస్టు, స్పెషలిస్ట్ నర్స్ పోస్టు, అప్లికేషన్‌లో డిగ్రీ అడిగే చోట్లు చాలా ఉంటాయి. అప్పుడు మాలాంటి డిప్లొమా వాళ్లం ఇక్కడే టాప్ అప్ డిగ్రీ చేస్తాం, అంటే మన డిప్లొమాని లెక్కలోకి తీసుకుని చివరి సంవత్సరం స్థాయి చదువు మాత్రం పెడతారు, ఉద్యోగం చేస్తూ పార్ట్ టైమ్‌గా. నేను ఇప్పుడు అదే చేస్తున్నా, నలభై ఒకటో ఏట. మూడువేల పదాల వ్యాసం రాయమంటే మొదటిసారి ఆన్సర్ పేపర్ రాసినట్టు రాసిచ్చా. టీచర్ పక్కన చిన్నగా రాసింది, ఇందులో మీరు ఏమనుకుంటున్నారో ఎక్కడా లేదు అని. జీఎన్‌ఎంలో ఎవరడిగారు మనం ఏమనుకుంటున్నామో?

కాబట్టి ఇండియాలో పోస్ట్ బేసిక్ చేసి రావడమా, వచ్చి టాప్ అప్ చెయ్యడమా అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి. దేశాన్ని బట్టి కూడా మారుతుంది. జర్మనీకి డిగ్రీ కన్నా భాష ముఖ్యం, బి2 స్థాయి జర్మన్ కావాలి, అక్కడికెళ్లాక మన చదువుకీ వాళ్ల చదువుకీ ఉన్న తేడాకి కొన్నాళ్లు ట్రైనింగో, పరీక్షో పెడతారు. ఆస్ట్రేలియాకైతే డిగ్రీ ఉన్నవాళ్లకే దారి సులువు. మీ కజిన్ ఏ దేశం సంగతి విన్నదో కనుక్కోండి.

ఏజెంట్ విషయంలో ట్యూటర్ అమ్మ మాటే నాదీ. ఇలాంటి వెరిఫికేషన్లలో కాలేజీ వాళ్లని ఎన్ని గంటలు థియరీ, ఎన్ని గంటలు క్లినికల్ అని ట్రాన్స్‌క్రిప్ట్‌లో రాసి నేరుగా పంపమంటారు, మన చేతికివ్వరు.


కోలార్_బ్యాచ్

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది చిత్తూరు జిల్లా, జీఎన్‌ఎం కర్ణాటకలో చేశా, మా ఊరి నుంచి చాలామంది అక్కడే. రిజిస్ట్రేషన్ కర్ణాటక కౌన్సిల్‌లో ఉంది. ఇప్పుడు ఏపీలో పోస్ట్ బేసిక్ చెయ్యాలంటే దాంతో కుదురుతుందా?


పాత_ట్యూటర్

@కోలార్_బ్యాచ్ బాబూ/అమ్మా (ఎవరో తెలీలేదు), ఇక్కడ చదవాలన్నా, పని చెయ్యాలన్నా ఆంధ్రా కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ పెట్టుకోవడం మంచిది. కర్ణాటక కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ, వెరిఫికేషన్ రావాలి, అది వచ్చేదాకా ఇక్కడి వాళ్లు ఫైలు ముట్టుకోరు. అడ్మిషన్ల ముందు కాదు, ఇవాళే మొదలుపెట్టు. జీఎన్‌ఎం మార్కుల మెమోలు, డిప్లొమా మీద పేరు, ఇంటిపేరు అక్షరాలు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉన్నాయా చూసుకో. కర్ణాటక నుంచి వచ్చిన సర్టిఫికెట్లలో మన ఇంటిపేర్లు చివరికి వెళ్లిపోయి ఉంటాయి, తండ్రిపేరు ఇంకోలా ఉంటుంది, సగం గొడవ అక్కడే.

ఇంకో సంగతి అందరికీ. కోర్సు అయ్యాక డిగ్రీ చేతికి రాగానే ఊరుకోకండి, కౌన్సిల్‌లో అడిషనల్ క్వాలిఫికేషన్‌గా రిజిస్టర్ చేయించుకోవాలి. డిగ్రీ ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టి, కౌన్సిల్‌కి మాత్రం వెళ్లనివాళ్లని చాలామందిని చూశా.

ఎమ్మెస్సీ ఆలోచన ఉంటే, పోస్ట్ బేసిక్ వాళ్లకి ఒక ఏడాది అనుభవం కావాలి, అది కోర్సుకి ముందుదైనా సరే, తర్వాతదైనా సరే. ఐసీయూ_నైట్స్, నీకు ఆ చింత లేదు.


ఐసీయూ_నైట్స్

అందరికీ థాంక్స్. ఏమైందో చెప్తా.

నిన్న ఆ ఏజెంట్ మళ్లీ ఫోన్ చేశాడు. బ్లాక్ చెయ్యకుండా ఎత్తి ఒక్కటే అడిగా, "అన్నా, నా రెండేళ్ల హాజరు రిజిస్టర్ మీద సంతకం ఎవరు పెడతారు" అని. కొంచెం ఆగి, "అవన్నీ మీకెందుకు సిస్టర్, టెన్షన్ పడకండి" అన్నాడు. రోస్టర్ మీద నా సంతకం లేదని ఏడ్చేదాన్ని, రిజిస్టర్ మీద ఇంకొకరు నా సంతకం పెడతానంటే ఎలా ఒప్పుకుంటా? ఫోన్ పెట్టేశా.

ఇంట్లో కూర్చుని లెక్కేశాం. ఈ ఏడాది రెగ్యులర్ కుదరదు, స్కూటీ ఈఎంఐ ఇంకా ఎనిమిది నెలలుంది. అది అయ్యాక వచ్చే అడ్మిషన్లకి కాళోజీ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ చూసి కన్వీనర్ కోటాకి అప్లై చేస్తా, హైదరాబాద్‌లో సీటొస్తే చేరతా, దూరంగా వస్తే మళ్లీ ఆలోచిస్తా. ఈలోపు ఇగ్నో ఎంట్రన్స్ సంగతి కూడా కనుక్కుంటా. మేల్_స్టాఫ్ అన్నా, మీరన్నట్టు రోజూ ఎంసీక్యూలు కూడా మొదలుపెట్టా, మూడు గంటలు కాదు, నైట్‌లో పేషెంట్లు సెటిలయ్యాక ముప్పై ప్రశ్నలు. అత్తమ్మ ఏమందంటే, "రెండేళ్లే కదా, పొద్దున పిల్లాడికి నేను అన్నం పెడతాలే, సాయంత్రం లెక్కలు మాత్రం నువ్వే చూడాలి, నాకు రావు." మా ఆయన "నీ ఇష్టం" అనలేదు ఈసారి, ఫీజు ఎంత అని అడిగారు.

ఒక చిన్న తలనొప్పి. చేరినప్పుడు మా ఆస్పత్రి వాళ్లు ఒరిజినల్స్ తీసుకున్నారు, జీఎన్‌ఎం మెమోలు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇంటర్ మెమో, ఆరు నుంచి పది స్టడీ సర్టిఫికెట్లు ఊళ్లో అమ్మ ట్రంకు పెట్టెలో ఉండాలి. ఈ గురువారం ఆఫ్ పెట్టుకుని వెళ్తున్నా. ఆస్పత్రి దగ్గర ఒరిజినల్స్ అడిగితే "మానేస్తున్నావా" అని మొదలుపెడతారు. కౌన్సిల్ రెన్యువల్‌కి కావాలని అడగనా, ఉన్నమాట చెప్పనా?


సర్వీస్_సిస్టర్

ఉన్నమాట చెప్పండి. చెప్పేది లెటర్‌లో రాసి ఇవ్వండి. స్టాంపు మర్చిపోకండి.